ఇంజన్లు వెళ్లిపోయాక మిగిలిన ఊరు

చెన్నై నుంచి విజయవాడ వైపు వచ్చే రైలు నెల్లూరు దాటి అరగంట నడిచిందంటే కిటికీలోంచి ఓ స్టేషను కనిపిస్తుంది. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు... ‘బిట్రగుంట’. చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. దడదడలాడించుకుంటూ వెళ్లిపోతాయి. అయితే కాస్త శ్రద్ధగా చూసేవాళ్లకు ఒక అనుమానం వస్తుంది. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద యార్డు ఎందుకు? అన్నన్ని పట్టాలెందుకు? వేపచెట్ల వెనక ఆ పాత పెంకుటిళ్లు, వందల ఎకరాల రైల్వే భూమి... ఇవన్నీ ఎవరికోసం?

అనుమానం తీరేలోపు రైలు కావలి చేరిపోతుంది.

స్టేషను పేరు బిట్రగుంట. మండలం పేరు బోగోలు. రెండూ పక్కపక్కనే ఉన్న ఊళ్లు. ఒకటి ఎక్కడ మొదలై రెండోది ఎక్కడ ముగుస్తుందో బయటివాళ్లకు తెలీదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు కావలి తాలూకాలోని ఈ ప్రాంతం బోగోలు మండలమైంది. తూర్పున సముద్రం, సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హామ్ కాలువ, మధ్యలో రైలు కట్ట, పడమరగా జాతీయ రహదారి. నీటి దారి, ఇనుప దారి, తారు దారి... మూడూ ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లేవే. మూడూ మద్రాసుకు తీసుకెళ్లేవే. ఈ ఊళ్ల కథంతా ఆ మూడు దారుల కథే. ఒక్కో తరంలో ఒక్కో దారి అన్నం పెట్టింది. ఆ దారి మూసుకుపోయినప్పుడల్లా ఊరు మళ్లీ మొదటికొచ్చి నిలబడింది.

పడవల కాలం

రైలుకు ముందు ఇక్కడ పడవ ఉంది.

మద్రాసు నుంచి ఎన్నూరుకు 1806లో బాసిల్ కొక్రేన్ అనే వర్తకుడు ఓ చిన్న కాలువ తవ్వించాడు. ఉప్పూ కట్టెలూ నగరానికి చేర్చడానికి తవ్విన ఆ కాలువను 1837లో ప్రభుత్వం తీసుకుంది. ఆ తరువాత అది సముద్రాన్ని ఆనుకుని ఉత్తరానికి సాగుతూ సాగుతూ కృష్ణా డెల్టా దాకా వచ్చింది. 1876-78 మధ్య వచ్చిన మహా కరువును పెద్దవాళ్లు ‘ధాత కరువు’ అనేవారు. ఆ కరువులో కూలి పని కల్పించడానికి మద్రాసు దగ్గర కాలువలో మిగిలిపోయిన ముక్కను తవ్వించారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరే 1878లో కాలువకు పెట్టారు. ఆకలితో ఉన్నవాళ్లు తవ్వారు, గవర్నరు పేరు నిలిచింది!

పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్ల కాలువ అది. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రాలోనే. నెల్లూరు బియ్యం, ఉప్పు, ఎండుచేపలు, సరుగుడు కట్టెలు ఈ కాలువ మీదుగానే మద్రాసు వెళ్లేవి. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఇద్దరు మనుషులు నడుముకు తాడు కట్టుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. లాకుల దగ్గర పడవలు ఆగేవి. ఆగిన చోట పొయ్యి వెలిగేది. పొయ్యి వెలిగిన చోట నాలుగు పాకలు లేచేవి. కాలువ గట్టున చాలా పల్లెలు అట్లా పెరిగినవే.

సరుగుడు తోటలకూ ఓ కథ ఉంది. ఇసుక పర్రల్లో ఇప్పుడు కనిపించే ఆ చెట్టు ఇక్కడి చెట్టు కాదు. 1860ల్లో మద్రాసు తీరంలో దాన్ని పెద్దయెత్తున నాటించింది ఇంజన్ల కట్టెల కోసమే! బొగ్గు దొరకని దక్షిణాదిలో తొలి రైలింజన్లు కట్టెలతోనే నడిచాయి. అంటే బిట్రగుంటకు రైలు రాకముందే రైలు కోసం తీరంలో చెట్లు మొలిచాయన్నమాట.

1965, 66 సంవత్సరాల తుపాన్లు కాలువను బాగా దెబ్బతీశాయి. ఆ సరికే సరుకంతా రైళ్లకూ లారీలకూ మళ్లిపోయింది. పూడిక తీసే నాథుడు లేక పడవలు ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. 2008లో ఈ కాలువను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ప్రకటన వచ్చినంత వేగంగా పడవలు మాత్రం రాలేదు.

సరిగ్గా సగం దారి

1899లో విజయవాడ - మద్రాసు రైలు మార్గం కలిసింది. ఆ రెండు నగరాల మధ్య దూరం దాదాపు 430 కిలోమీటర్లు. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే మధ్యలో ఎక్కడొస్తుంది? ఇంచుమించు బిట్రగుంట దగ్గర! ఆ లెక్కే ఈ ఊరి జాతకం రాసింది.

ఇప్పటి పిల్లలకు ఇది చెప్తేగానీ అర్థం కాదు. కరెంటు ఇంజను స్విచ్చి వేస్తే నడుస్తుంది. ఆవిరి ఇంజను అట్లా కాదు. దానికి ఆకలుంటుంది, దాహముంటుంది, అలసటా ఉంటుంది. చల్లారిన బాయిలరు వేడెక్కి ఆవిరి తయారు కావడానికే గంటలు పట్టేది. నడుస్తున్నంతసేపూ ఫైర్‌మన్ పారతో బొగ్గు వేస్తూనే ఉండాలి. రెండు వందల కిలోమీటర్లు నడిచేసరికి పొయ్యిలో బూడిద, చిట్టెం పేరుకుపోతాయి. వాటిని లాగెయ్యాలి. తొట్టి నిండా నీళ్లు పట్టాలి. బొగ్గు నింపాలి. కొన్నాళ్లకోసారి బాయిలరు కడగాలి. ఆ ఎండలో, ఆ సెగలో అన్ని గంటలు నిలబడ్డ డ్రైవరుకూ ఫైర్‌మన్‌కూ విశ్రాంతి కావాలి.

అందుకే సగం దారిలో ఇంజనూ మారాలి, మనుషులూ మారాలి. ఆ మారే చోటు బిట్రగుంట. అక్కడ లోకోషెడ్డు వెలిసింది. ఇంజన్లను గుండ్రంగా చుట్టూ నిలిపే రౌండ్‌హౌస్, మధ్యలో ఇంజన్ని అటు నుంచి ఇటు తిప్పే టర్న్‌టేబుల్, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములు, వరసగా క్వార్టర్లు... గుంట పక్కన పల్లె కాస్తా రైల్వే పట్నమైంది.

షెడ్డున్న ఊరికి గడియారం అక్కర్లేదు. సైరనే గడియారం. మొదటి కూతకు పొయ్యి వెలిగించాలి, రెండో కూతకు క్యారియరు సర్దాలి. అర్ధరాత్రి డ్యూటీ పడితే కాల్‌బాయ్ లాంతరు పట్టుకుని వచ్చి తలుపు తట్టేవాడు. పుస్తకంలో సంతకం పెట్టించుకునేదాకా కదిలేవాడు కాదు. రైల్వే ఇళ్లల్లో పుట్టిపెరిగిన ఆడపిల్లలకు ఆ తలుపు చప్పుడు ఇప్పటికీ గుర్తే. నాన్న మసిబట్టలతో తిరిగొచ్చాక కళ్ల చుట్టూ మాత్రమే మొహం తెలుపు తేలేదట. ఆ బట్టలు ఉతకడానికి అమ్మ పడ్డ పాట్లు వేరే కథ!

యజమానులు మారారు. మద్రాసు రైల్వే 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. అదే జనం నోట్లో ‘ఎమ్మెస్సెమ్’. 1951లో దక్షిణ రైల్వే వచ్చింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. బోర్డుల మీద పేర్లు మారాయి. బిట్రగుంటలో బొగ్గు పొగ మాత్రం మారలేదు.

ఒకే నీళ్ల పంపు, నాలుగు భాషలు

రైల్వే ఊరు మామూలు ఊరు లాంటిది కాదు. అక్కడికి ఎవరూ తాతల నాటి పొలం కోసం రారు. ట్రాన్స్‌ఫరు ఆర్డరు పట్టుకుని వస్తారు. తమిళులు, మలయాళీలు, ఉత్తరాది వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు... వాళ్లందరి మధ్యా ఆంగ్లో ఇండియన్లు.

దేశమంతటా పెద్ద రైల్వే కాలనీల్లో లాగే ఇక్కడా డ్రైవర్లూ గార్డుల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎక్కువగా ఉండేవి. తెల్లదొరల హయాంలో మెయిలు బళ్లు నడిపే డ్రైవరు కొలువంటే ముందు వాళ్లకే. ఇంట్లో ఇంగ్లీషు, పనిమనిషితో తెలుగు, ఫైర్‌మన్‌తో రెండూ కలిపిన భాష. ఆదివారం చర్చి, సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆటలు, క్రిస్మస్‌కు డాన్సు. కిటికీ అవతల నిలబడి చూసే తెలుగు పిల్లలకు అదో వింత లోకం. క్రిస్మస్‌కు పక్కింటి నుంచి కేకు వచ్చేది. సంక్రాంతికి అరిసెలు వెళ్లేవి. ఎవరూ ఉపన్యాసాలివ్వకుండానే సహజీవనం జరిగిపోయింది.

అయితే ఆ కాలాన్ని మరీ బంగారు పళ్లెంలో పెట్టి చూపించడమూ సరికాదు. రైల్వే కాలనీలో క్వార్టరు సైజును బట్టి మనిషి విలువ. పెద్ద బంగళా, చిన్న బంగళా, జంట గదులు, ఒంటి గది... ఎవరి వరస వాళ్లది. తెల్లవాళ్లకు ఒక జీతం, ఆంగ్లో ఇండియన్లకు ఒకటి, ‘నేటివు’కు మరొకటి. స్వాతంత్య్రం వచ్చాకే ఆ గీతలు చెరిగాయి.

ఇదే ప్రాంతంలో మరో గీత ఇంకా లోతుగా గీశారు. పుట్టుకతోనే కొన్ని కులాలను నేరస్తులని ముద్ర వేసిన చట్టం 1871లో వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాలను తెచ్చి కావలి దగ్గర సెటిల్‌మెంటులో పెట్టారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు దాన్ని నడిపారు. హాజరు వేయించుకోకుండా, చీటీ లేకుండా ఊరు దాటడానికి వీల్లేదు. ఉప్పూ బుట్టలూ అమ్ముకుంటూ ఊళ్లు తిరిగి బతికిన జనాన్ని ఓ చోట కట్టిపడేశారు. అసలు వాళ్ల ఉప్పు బేరాన్ని దెబ్బకొట్టింది కూడా రైలే! ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా పోయింది. ముద్ర పోవడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. ఊరి చరిత్ర రాసేవాళ్లు రౌండ్‌హౌస్ గురించి రాసి దీన్ని వదిలేస్తే అది సగం చరిత్రే.

కూత ఆగిన రోజు

1947 తరువాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటే కదిలాయి. కొందరు ఇంగ్లండుకు, కొందరు ఆస్ట్రేలియాకు, మరికొందరు కెనడాకు. ఉండిపోయినవాళ్లు రిటైరయ్యాక పిల్లల దగ్గరికి చెన్నైకో, సికింద్రాబాదుకో చేరారు. చట్టసభల్లో వాళ్లకు నామినేటెడ్ స్థానం ఉండేది. 2020 జనవరితో అదీ ముగిసింది.

ఇంతలో డీజిల్ వచ్చింది. 1980 నాటికి విజయవాడ - మద్రాసు మార్గంలో కరెంటు తీగలు పడ్డాయి. కరెంటు ఇంజనుకు బొగ్గక్కర్లేదు. నీళ్లక్కర్లేదు. సగం దారిలో ఆగాల్సిన పని అసలే లేదు. ఏ లెక్క బిట్రగుంటను పట్నం చేసిందో ఆ లెక్కే తలకిందులైంది. మధ్యలో ఉండటం ఒకప్పుడు వరం. ఇప్పుడు మధ్యలో ఉన్న ఊరంటే దాటిపోయే ఊరు.

షెడ్డు మూతపడితే పోయేది షెడ్డు ఒక్కటే కాదు. క్యారియర్లు మోసేవాళ్ల పని పోయింది. పాలవాళ్ల ఖాతాలు తగ్గాయి. ఒకటో తారీకున కిటకిటలాడే అంగళ్లు బోసిపోయాయి. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన ఇంటికి ముందు తలుపులు పోతాయి, తరువాత కిటికీలు, ఆ తరువాత పెంకులు. చివరికి గోడ మీద మర్రి మొలుస్తుంది.

భూమి ఉంది, నీళ్లున్నాయి, పట్టాలున్నాయి, పక్కనే హైవే ఉంది... ఏదో ఒక రైల్వే ప్రాజెక్టు ఇక్కడ పెట్టండని ఈ ప్రాంత ప్రజలు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. ఎన్నికల సభల్లో ఈ మాట వినిపించని సందర్భం అరుదు. బడ్జెట్ రోజున బిట్రగుంట వాళ్లు పేపరు చివరి పేజీ దాకా వెతుకుతారు.

పాలెంలో మరో లెక్క

రైలు కట్టకు తూర్పున పది పదిహేను కిలోమీటర్లు వెళ్తే లోకమే మారిపోతుంది. ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు, కాలువ వంతెన, ఆ తరువాత సముద్రం. ఊళ్ల పేర్లే ఇక్కడి భూగోళం చెబుతాయి. దిన్నె అంటే మిట్ట. తిప్ప అంటే ఇసుక దిబ్బ. గుంట అంటే చిన్న చెరువు. ఈ తీరంలో పాలెం అంటే చేపలు పట్టేవాళ్ల ఊరు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఎక్కడ నిలవవో తెలుసుకుని కాపురం పెట్టినవాళ్లు పెట్టుకున్న పేర్లవి.

ఇక్కడి మత్స్యకారుల్లో పట్టపువాళ్లు ఎక్కువ. పాలెంలో పెద్దల మాటే శాసనం. ఎవరు ఎప్పుడు వేటకు వెళ్లాలి, ఏ వల వాడకూడదు, తగాదా వస్తే ఏం చేయాలి... అంతా ఊరి కట్టుబాటు. దాన్నే ‘దురాయి’ అంటారు. దురాయి వేశారంటే ఆ రోజు ఒక్క పడవా నీళ్లలో దిగదు. ఆ పద్ధతిలో న్యాయమూ ఉంది, కాఠిన్యమూ ఉంది. సముద్రం ఎవరి పట్టా భూమీ కాదు కాబట్టి నలుగురూ కలిసి గీసుకున్న గీతే అక్కడ హద్దు.

1989 నవంబరు ఈ తీరం మర్చిపోలేని నెల. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన తుపాను, అక్కడ చమురు తవ్వే ఓడను ముంచి, ఆ దేశపు ఇరుకైన మెడను దాటి, బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుని వచ్చి కావలి దగ్గర తీరం దాటింది. ప్రపంచానికి అది ‘గే’ టైఫూన్. ఇక్కడివాళ్లకు మాత్రం కావలి తుపాను. తాటిచెట్లు మెడలు విరిగిన ఆ రాత్రి రైలు కట్ట ఎక్కి కూర్చున్నవాళ్ల కథలు ఇప్పటికీ ఇళ్లల్లో వినబడతాయి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అప్పుడు పాడుబడ్డ బకింగ్‌హామ్ కాలువే ఆదుకుంది! పెదగంజాం నుంచి చెన్నై దాకా చాలాచోట్ల పొంగివచ్చిన నీరు కాలువలో పడి జోరు తగ్గింది. ఎవరికీ అక్కర్లేదనుకున్న కాలువ వంద ఊళ్లకు అడ్డు నిలిచింది. పాతదాన్ని పనికిరానిదిగా లెక్కకట్టే ముందు ఒక్కసారి ఆగి ఆలోచించాలని ఆ ఉదయం నేర్పింది.

రొయ్యలదీ ఎగుడుదిగుడు దారే. తొంభైల మొదట్లో ఎకరాలకు ఎకరాలు చెరువులయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి కోటీశ్వరులను అప్పులవాళ్లను చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తీరం వెంట చెరువులకు పగ్గాలు వేసింది. 2009 తరువాత వెనామీ రొయ్య వచ్చి చెరువులను మళ్లీ నింపింది. తాగునీటి బావుల్లో ఉప్పు తగిలినప్పుడు మాత్రం ఆ లాభంలో వాటా లేనివాళ్లే బిందె పట్టుకుని నడవాల్సి వచ్చింది.

ఇదే మండలంలోని జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరుకు 2020 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నంతో పాటు తొలి విడతలో ఎంపికైన నాలుగింటిలో ఇదొకటి. ఇసుకలోనే పడవను ఒడ్డుకు లాగే తీరానికి అదో కొత్త రోజు. ఎక్కడెక్కడికో వలస వెళ్లి పరాయి బోట్లలో పనిచేసే కుర్రాళ్లు ఇంటి దగ్గరే బతకగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది? పెద్ద బోట్లు వచ్చాక చిన్న పడవవాడి చోటు ఏమవుతుందన్న దిగులూ పాలెంలో లేకపోలేదు. లోకోషెడ్డు వచ్చినప్పుడూ ఊరు ఇట్లాగే ఆశపడింది, ఇట్లాగే దిగులుపడింది.

అందరూ తిరిగొచ్చే రోజులు

ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం ఈ ప్రాంతం మళ్లీ కళకళలాడుతుంది. కొండబిట్రగుంటలో ప్రసన్న వెంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణ మాసంలో జరుగుతాయి. బిలకూట క్షేత్రమని దానికి పేరు. రైతులు కళ్లాల పని ముగించుకుని వస్తారు. పాలెం నుంచి మత్స్యకారులు వస్తారు. బెంగళూరులో సాఫ్ట్‌వేరు చేసే కుర్రాడు, చెన్నైలో కాపురమున్న ఆడపడుచు, రిటైరై విజయవాడలో స్థిరపడ్డ డ్రైవరు... అందరూ ఆ నాలుగు రోజులకు చేరతారు. తేరు దగ్గర, చెరుకు ముక్కల బండి దగ్గర పలకరింపులు మొదలవుతాయి.

“ఏంది అబ్బయ్యా, ఎప్పుడొచ్చినావు? మీ నాయన షెడ్డులో ఫిట్టరు గదా?”

“అవును పెద్దయ్యా. అసలు ఆ షెడ్డు ఎక్కడుండేది? పిల్లోడు చూపించమంటున్నాడు.”

పెద్దయ్య చెయ్యెత్తి చూపిస్తాడు. అక్కడ తుమ్మచెట్లు తప్ప ఏమీ ఉండవు. పిల్లాడు ఫోను వైపు చూసుకుంటాడు. పెద్దయ్య మాట్లాడుతూనే ఉంటాడు. తిరునాళ్లలో ఎక్కడో ఒకచోట ఇట్లాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఆ పెద్దయ్య తరువాత అట్లా చెయ్యెత్తి చూపించేవారెవరు?

ఊరి కథ ఎవరి పని?

ఇంగ్లండులో నది ఒడ్డున ఉన్న ఓ పల్లెను తీసుకోండి. మన బోగోలు కంటే చిన్నదే కావచ్చు. అయినా ఆ ఊరి చర్చిలో పుట్టిన, పెళ్లయిన, చనిపోయినవారి పేర్లు రాసే పద్ధతి 1538 నుంచి ఉంది. రాజు కొలువులోని మంత్రి థామస్ క్రాంవెల్ పెట్టించిన నియమమది. సరిగ్గా మన విజయవాడ - మద్రాసు రైలు కలిసిన 1899లోనే అక్కడ ప్రతి జిల్లా, ప్రతి పల్లె చరిత్రా రాయాలని ‘విక్టోరియా కౌంటీ హిస్టరీ’ పేరుతో ఓ బృహత్కార్యం మొదలుపెట్టారు. ఆ పని ఇంకా పూర్తికాలేదు. అయినా మానలేదు!

ఇంకో సంగతి. అక్కడా రైళ్లు వచ్చాక కాలువలు పాడుబడ్డాయి. 1946లో కొందరు సామాన్యులు సంఘం కట్టారు. ఆదివారాలు పార పట్టుకుని వెళ్లి పూడిక తీశారు, లాకులు బాగు చేశారు. అట్లా కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ 1990లో మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు అందులో సరుకు పడవలు లేవు. షికారు పడవలున్నాయి, వాటి వెంట బతుకుతెరువూ ఉంది. ప్రభుత్వం పని ప్రభుత్వం చేసింది. కానీ మొదటి తట్ట మట్టి ఎత్తింది ఊరివాళ్లు.

మనకూ రాతలు లేకపోలేదు. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ ఊరూరా కైఫీయత్తులు రాయించాడు. ఆ పనికి వెన్నెముకగా నిలిచింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. బాస్వెల్ దొర 1873లో నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చువేశాడు. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా తెచ్చారు. అయితే ఇవన్నీ రాజులవీ గుళ్లవీ శిస్తులవీ. కాల్‌బాయ్ కథ అందులో దొరకదు. పడవ లాగినవాడి పేరు దొరకదు. సెటిల్‌మెంటులో హాజరు పలికిన తల్లి గొంతు దొరకదు.

అవి దొరికేది ఇళ్లల్లోనే. వెతకాలనుకుంటే దారులు చాలా ఉన్నాయి. హైస్కూలు అడ్మిషన్ రిజిస్టరు ఒక చరిత్ర పుస్తకం. ఏ సంవత్సరం ఎక్కడెక్కడి నుంచి పిల్లలు వచ్చి చేరారో, తండ్రి వృత్తి ఏమిటో అందులో ఉంటుంది. చర్చి రిజిస్టర్లలో ఆంగ్లో ఇండియన్ పెళ్లిళ్లు ఉంటాయి. రెవెన్యూ ఆఫీసులో డైగ్లాట్ చూస్తే ఏ భూమి ఎప్పుడు రైల్వేకు వెళ్లిందో తెలుస్తుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక కొందరి ఇళ్లల్లో అటకెక్కిన పాత కాగితాలున్నాయి. ఎవరింట్లోనో ట్రంకుపెట్టెలో ఇత్తడి బిళ్ల, డ్యూటీ పుస్తకం, రిటైర్‌మెంటు రోజు దండలతో దిగిన ఫొటో ఉంటాయి. వెనక పేర్లు రాసి లేని ఫొటో పదేళ్లు పోతే ఎవరిదో తెలియని ఫొటో అవుతుంది.

పాతికేళ్లప్పుడు షెడ్డులో పారపట్టిన ఫైర్‌మన్లకు ఇప్పుడు డెబ్భై దాటాయి, ఎనభై దాటాయి. ఆ గొంతులు ఫోనులో రికార్డు చేయడానికి పైసా ఖర్చు లేదు. సెలవులకు వచ్చిన మనవడో మనవరాలో పక్కన కూర్చుని “తాతా, మొదటిరోజు ఇంజనెక్కినప్పుడు ఎట్టా ఉండింది?” అని అడిగితే చాలు. తరువాత మాటలు వాటంతట అవే వస్తాయి. హైస్కూలు పిల్లలకు ప్రాజెక్టు పనంటే ఇంటర్నెట్‌లో తాజ్‌మహల్ బొమ్మ దింపడమే కానక్కర్లేదు. ఊళ్లో పది మంది పెద్దలను పలకరించి పది పేజీలు రాసినా అది ప్రాజెక్టే.

కొత్త పనులు రావచ్చు, రైల్వే ప్రాజెక్టు రావచ్చు, రాకపోనూ వచ్చు. అవి ఢిల్లీలోనో అమరావతిలోనో తేలే సంగతులు. ఊరి జ్ఞాపకం మాత్రం ఊరివాళ్ల చేతుల్లోనే ఉంది. దానికి టెండర్లు పిలవక్కర్లేదు, నిధులు మంజూరు కానక్కర్లేదు.

బిట్రగుంటలో ఇప్పుడు సైరను మోగదు. సాయంత్రం ఏదో ఎక్స్‌ప్రెస్ ఆగకుండా కూతేసుకుంటూ పోతుంది. అరుగు మీద కూర్చున్న ఓ పెద్దాయన ఆ కూత విని చేతి గడియారం చూసుకుంటాడు. బండి పావుగంట లేటు. ఉద్యోగం మానేసి ముప్పై ఏళ్లయినా ఆ లెక్క ఆయన్ను వదల్లేదు. ఆ పెద్దాయన పక్కన ఓ గంట కూర్చోవడానికి ఎవరైనా తీరిక చేసుకుంటే బావుణ్ను.